బాణాల మేడం

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త పొద్దున పది దాటాక వచ్చింది. "మన బాణాల మేడం ఇక లేరు." కింద వరసగా నమస్కారం చేతుల బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో సంగతి చదవకుండా గుడ్ మార్నింగ్ పూలగుత్తి పంపి, నాలుక కరుచుకుని తీసేశారు. నేనూ రెండు చేతుల బొమ్మ పెట్టాను. ఫోను పక్కన పెట్టి, ఎదురుగా నిలబడ్డ మనిషికి దగ్గు మందు ఇచ్చి, రోజుకు మూడుసార్లు మూతతో కొలిచి తాగమని చెప్పాను. గొంతు వణకలేదు. ఇప్పటికీ వణకలేదు. పన్ను పీకే ముందు సూది వేయించుకుంటే చెంప ఎట్లా ఉంటుందో నా లోపలంతా అట్లా ఉంది. చెంప ఉందని తెలుస్తుంది, నాదని తెలియదు.

గ్రూపులో కొందరు గుండెపోటు అన్నారు, కొందరు వడదెబ్బ అన్నారు. రెండూ కాదు. ఆ చావులో నా చెయ్యి ఎంత ఉందో నాకొక్కదానికే తెలుసు. తెలియాల్సిన మనిషి ఇంకొకరున్నారు, ఆమె తల్లి. ఆవిడకు చెప్పాలా వద్దా అన్నది ఎటూ తేలక ఇన్నాళ్లూ తిరిగాను.

కోదాడ ఫార్మసీ కాలేజీలో ఆమె మాకు ఫార్మకాలజీ చెప్పేది. మందు ఒంట్లోకి వెళ్లి ఎక్కడ ఏం చేస్తుందో చెప్పే సబ్జెక్టు. సన్నగా, పొడుగ్గా, నూనె పెట్టి బిగించిన జడతో, క్లాసులోకి వస్తూనే చాక్‌పీసు రెండు ముక్కలు చేసి ఒకటి చెవి మీద పెట్టుకునేది, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు. తర్వాత బాణాలు మొదలయ్యేవి. ఈ కణం నుంచి ఆ కణానికి బాణం, ఈ అణువు నుంచి ఆ అణువుకు బాణం, పైన బాణం, కింద బాణం. గంట కొట్టేసరికి బోర్డు మీద ఖాళీ మిగిలేది కాదు. రాసింది చెరిపే అలవాటు లేదు. తప్పు గీస్తే దాని కొసన అడ్డంగా ఒక చిన్న గీత కొట్టేది. "ఇది ఆగింది అనుకోండ్రి" అనేది. అడ్డగీత కొట్టిన బాణం ఆపే బాణమని తర్వాత మాకు అర్థమైంది. అప్పటికే పేరు పెట్టేశాం, బాణాల మేడం అని. ఆమెకు తెలుసు. ఒకసారి హాజరు పట్టీ మీద ఎవరో బాణం బొమ్మ గీస్తే, "మొన సరిగ లేదు" అని దిద్ది ఇచ్చింది.

ఎవరు కనిపించినా ఆమె మొదటి మాట, "పని అయితుందా?" బాగున్నావా అని అడగదు. దెబ్బ తగిలిన చోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి అని నాలుగు గుర్తులు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి. ఐదోది, ఆ భాగం పని చెయ్యకపోవడం. ఆమె ఐదోదాన్ని ముందు అడిగేది. "గోరుచుట్టు మీద రోకటిపోటు అంటరు గదా. గోరుచుట్టుకు ఐదు గుర్తులుంటయ్. మనోళ్లు సామెత కట్టేటప్పుడే పరీక్ష రాసేసిన్రు" అనేది. ఎవరి కాలు వాచినా వంగి బొటనవేలితో నొక్కి, వేలు తీసి, ఆ గుంట నిండేదాకా పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. బస్సులో పక్క సీటు ముసలమ్మ కాలు కూడా వదల్లేదు. ముసలమ్మ తిట్టింది.

ఆమె తండా పెద్దవూర దగ్గర. ఆ తండాలో పీజీ దాకా చదివింది ఆమె ఒక్కతే అని మాకు వేరేవాళ్లు చెప్పారు, ఆమె చెప్పలేదు. తల్లితో ఫోనులో లంబాడీలో మాట్లాడేది. "యాడీ" అన్న ఒక్క మాటే మాకు అర్థమయ్యేది, అమ్మా అని. ఆ ఒక్క మాట అనేటప్పుడు మాత్రం గొంతులో టీచరు ఉండేది కాదు.

ఆమె చెప్పిన పాఠాల్లో నాకు ఇప్పటికీ తడుముకోకుండా వచ్చేది ఒకటే. గాయమైనప్పుడు కణాలు ఒకదానికొకటి కబురు ఎట్లా పంపుకుంటాయన్నది. పుస్తకంలో అది ఇరవై పేజీలు, నోరు తిరగని పేర్లు. ఆమె పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఊర్ల గడ్డివాముకు నిప్పంటుకుంది. మొదలు సూసినోడు ఏం చేస్తడు? కేకేస్తడు. కేక విన్నోడు ఇంకో నలుగురికి కేకేస్తడు. ఆ నలుగురు ఇంకో నలభై మందికి. మొదటోడు గొంతు చించుకునే పనిలేదు, వాని కేక దానంతటదే పెరుగుతది. అట్ల పెరిగి పెరిగి సెల్లు నడుమ ఇంటికి, న్యూక్లియస్‌కు చేరుతది. గాడ తలుపులు తెరుస్తరు. ఇగ మంది బయలెల్లుతరు. బిందెలు, బకెట్లు, గొడ్డళ్లు, అన్ని పట్టుకొని."

ఎవరో అడిగారు, అయితే మంచిదే కదా మేడం అని.

"మంచిదే. మంట ఆరినంక పొద్దున పోయి సూడు. దడి ఇరిగింది. పక్కోని మిరపతోట తొక్కిన్రు. మంట కాల్చింది మూరెడు, మంది తొక్కింది ఎకరం. ఒంట్ల గూడ గంతే. గాయం చేసిన నష్టం జరంత. బాగుచెయ్య వచ్చిన తెల్లకణాలు చేసింది ఎక్కువ. మనం ఇచ్చే మందులు సగం మంట మీద పనిచెయ్యవ్, మంది మీద పనిచేస్తయ్."

తర్వాత బోర్డు మీద ఒక మూలకు వెళ్లి అడ్డగీత బాణాలు నాలుగు గీసింది. "మొదలుపెట్టేటోళ్ల పేర్లు ఈ బుక్కుల నలభై ఉన్నయ్. ఆపేటోళ్లయి నాలుగు. ఆపుడు ఎవలికీ పట్టదు" అంది. ఆమె పీహెచ్‌డీ కూడా దాని మీదే, ఎన్నేళ్లయినా పూర్తికాలేదు. ల్యాబులో ఎలుక పాదానికి సూది మందుతో వాపు తెప్పించి, మందు ఇచ్చి, వాపు ఎంత ఎక్కిందో కొలవడం మా ప్రాక్టికల్. అందరూ ఎక్కడం కొలిచి రికార్డు రాసుకుని ఇంటికి పోయేవాళ్లు. ఆమె ఎలుకను అరచేతిలో పెట్టుకుని సాయంత్రం దాకా వాపు దిగడం కొలిచేది. "ఎక్కుడు ఎవలైనా ఎక్కుతరు. దిగుడుకే తెలివి గావాలె" అనేది. ఇప్పటి పిల్లలకు ఎలుకల్లేవు, కంప్యూటర్లో ఎలుక బొమ్మ ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకోవడం కుదరదు.

ఆ దిగడం గురించి ఆమె చెప్పిన ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. స్టెరాయిడ్ గోలీ గురించి. వాపును అంత తొందరగా ఆపే మందు ఇంకోటి లేదు, అన్ని కేకలనూ ఒకేసారి ఆపేస్తుంది. అట్లాంటి పదార్థాన్ని మన ఒళ్లు కూడా రోజూ కొంచెం తయారు చేసుకుంటుంది, మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథుల్లో. "బయటినుంచి దినాం అన్నం వస్తాంటే ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టిస్తరు? ఆ పొయ్యి సల్లారిపోతది. ఒకనాడు బయటి అన్నం బంద్ చేసినవనుకో, ఇల్లంత పస్తే. బీపీ పడిపోతది, మనిషి పోతది. అందుకని ఈ గోలీ శురూ చేసుడు అల్కగ, బంద్ చేసుడు మెల్లగ. వారానికింత తగ్గించాలె. రాసుకోండ్రి." రాసుకున్నాం. పరీక్షలో వచ్చింది కూడా. నాకు ఐదుకు ఐదు.

చదువయ్యాక నేను మిర్యాలగూడలో బస్టాండు దగ్గర మందుల దుకాణం పెట్టుకున్నాను. ఈ పక్క నాట్ల రోజులొస్తే మా దుకాణాల్లో ఒక అలవాటుంది. నాటేసే ఆడవాళ్లు ముఠాలుగా వస్తారు. పొద్దుగూకులూ బురదలో వంగి నాటితే మర్నాడు నడుము లేవదు. అందుకని ముఠాపెద్ద ముందుగానే వచ్చి మనిషికొక్కటి చొప్పున సెట్లు కట్టించుకుని పోతుంది. సెట్టు అంటే కాగితం పొట్లంలో మూడు గోలీలు. నొప్పికొకటి, కడుపులో మంట రాకుండా ఒకటి, మూడోది చిన్నది, తెల్లది. పనిచేసేది ఆ చిన్నదే. దాని పేరు ఎవరూ అడగరు, మేమూ చెప్పం. అది స్టెరాయిడ్.

మా దగ్గర సెట్లు కట్టించుకునే ముఠాపెద్దల్లో ఒకావిడ ఉండేది. మాట తక్కువ, చేతినిండా పాతకాలపు గాజులు, చదువు రాదు గానీ ఏ గోలీనైనా రూపు చూసి గుర్తుపట్టేది. ఒక ఆదివారం మధ్యాహ్నం మేడం మా దుకాణం మెట్లెక్కి వచ్చింది. కాలేజీ వదిలాక అదే చూడటం. నేను లేచి నమస్కారం పెట్టేలోపు చేతిలో పొట్లం కౌంటరు అద్దం మీద విప్పింది. మూడు గోలీలు.

"మా యాడికి ఇవి ఇచ్చేది ఎవలా అని సూద్దామని వచ్చిన" అంది. "నువ్వేనా?"

పెద్దవూర తండాల నుంచి మా దగ్గరికి వచ్చే ముఠాపెద్ద ఆ గాజులావిడ ఒక్కతే. ఆవిడ మేడం తల్లని అప్పుడు తెలిసింది.

"అందరూ ఇస్తరు మేడం" అన్నాను.

"అందరి సంగతి నేనడిగిన్నా?" చిన్న గోలీని వేలితో పక్కకు జరిపింది. "రాసుకున్నవ్ గదా నువ్వు. ఐదుకు ఐదు వేసిన నేను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చీలమండ వైపు చూసి, వంగి, బొటనవేలితో నొక్కి, లెక్కపెట్టి, "రోజంతా నిలబడకు, కుర్చీ ఏసుకో" అని వెళ్లిపోయింది. ఆ సీజనులో వారం రోజులు చిన్న గోలీ లేకుండా సెట్లు కట్టాను. ముఠాలన్నీ పక్క దుకాణానికి వెళ్లాయి. ఎనిమిదో రోజు మళ్లీ కలిపాను. నా నీతి వారం నిలబడింది, నేను అంతకన్నా ఎక్కువ నిలబడతానని ఎవరికీ చెప్పలేదు.

తర్వాత రెండు మూడేళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. అద్దం మీద రెండు చేతులూ పెట్టింది. వేళ్ల కణుపులు ఉబ్బి, వేళ్లన్నీ చిటికెనవేలి వైపుకు ఒరిగి ఉన్నాయి. ఏమైందో చెప్పక్కర్లేదు. ఆమె పాఠంలోని ఎలుక పాదం లాంటి వాపు, ఆమె ఒంట్లో ఆరకుండా ఉంది. నిప్పు లేని చోట కేకలు. కీళ్లవాతంలో అదే జరుగుతుంది, ఒంటి కణాలే ఒంటి కీళ్లను తొక్కుతాయి.

హైదరాబాద్ డాక్టరు రాసిన అసలు మందు పడలేదట. ఇంకోటి మొదలుపెడదాం రమ్మన్నాడట. సెలవు దొరకలేదట. కాలేజీలో తెలిస్తే క్లాసులు తీసేసి లైబ్రరీలో కూర్చోబెడతారట. ఈ 'అట'లన్నీ ఆమె చెప్పినవే, నేను కలిపినవి కావు.

"చిన్న గోలీలు ఇయ్యి" అంది. "కోదాడల ప్రతి దుకాణంల మన పిల్లలే ఉన్నరు. నువ్వొక్కదానివే దూరం."

నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె నవ్వింది. "చెప్పేటందుకే నీతులు అనుకుంటున్నవా? అనుకో. నాకు చాక్‌పీసు పట్టుకోరావాలె. గంతే."

అట్లా మొదలైంది. నెలకొక ఆదివారం తండాకు పోతూ మిర్యాలగూడలో దిగేది. వేళ్లతో గోలీని రేకులోంచి నొక్కి తీయడం ఆమెకు రాదు. మూత తిప్పడమూ రాదు. అందుకని ఎత్తితే వచ్చే మూత ఉన్న చిన్న డబ్బా తెచ్చుకునేది. నేను స్టూలు మీద కూర్చుని రేకుల్లోంచి ఒక్కొక్కటే నొక్కి ఆ డబ్బాలో వేసేదాన్ని. ఆ కాసేపు ఆమె నాకు పాఠం చెప్పేది. కొత్తగా ఏ అణువును కనిపెట్టారో, ఏ ఆపే బాణానికి పేరు పెట్టారో. మందుల చీటీ వెనక గీసి చూపించేది. నాకు సగం అర్థమయ్యేది కాదు, ఊ కొట్టేదాన్ని. నా జీవితంలో ఎవరైనా నన్ను చదువుకున్నదానిలా చూసింది ఆ అరగంటలే అని ఇప్పుడనిపిస్తోంది.

గోలీ పనిచేసింది. వేళ్లు కదిలాయి. చాక్‌పీసు చెవి మీదికి వచ్చింది. సెలవుల్లో తనే లెక్క వేసుకుని మెల్లగా తగ్గించేది, కాలేజీ తెరిచాక పెంచేది. రెండేళ్లు గడిచేసరికి ముఖం గుండ్రమైంది, చేతుల మీద చర్మం పలచబడింది, కళ్లు మసకబారాయి. రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకునేది. హైదరాబాద్ పోదాం మేడం, నేనొస్తా అన్నాను ఒకసారి. "ఈ బ్యాచ్ పోనియ్యి" అంది. బ్యాచ్‌లు పోతూనే ఉంటాయి కాలేజీల్లో, వస్తూనే ఉంటాయి.

ఈ వేసవి మొదట్లో తల్లి మా దుకాణానికి వచ్చింది. నాట్లు అయిపోయాయి, బిడ్డ దగ్గర కొన్నాళ్లు ఉందామని పెద్దవూర నుంచి కోదాడ పోతూ మా దగ్గర బస్సు మారుతోంది. సంచి మెట్టు మీద పెట్టి నీళ్లు తాగింది. ఆ రోజు ఆవిడ ఎప్పుడూ లేనిది నవ్వుతోంది.

"మా పిల్లను సూసినవా బిడ్డా? ఇన్నొద్దులకు ఒళ్లు చేసింది. చెంపలు నిండినయ్. చిన్నప్పటిసంది కట్టెపుల్ల లెక్క ఉండె. మా తండావోళ్లు గూడ అంటున్నరు, నౌకరి కలిసొచ్చిందని."

నేను విని ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయాను. బిడ్డ రోగం తల్లి కంటికి బలంలా కనిపించడం నాకు భరించరానిదిగా అనిపించింది. అది జాలి అని అప్పుడు అనుకున్నాను. రెండేళ్లుగా మోస్తున్నదాన్ని ఎవరి మీదైనా దించాలన్న ఆత్రం కూడా అందులో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"అది ఒళ్లు కాదమ్మా" అన్నాను. "నాట్లప్పుడు మీరు మింగే చిన్న తెల్ల గోలీ ఉంటది సూడు. గది దినాం మింగుతాంది. రెండేండ్ల సంది."

ఆవిడ నవ్వు ఆగింది. "ఎవలిచ్చిన్రు?"

"నేనే ఇస్తున్న. అడిగితే ఇచ్చిన. కానీ దినాం మింగితే బొక్కలు గుల్లయితయ్ అమ్మా, కండ్లు పోతయ్. నా మాట ఇంటలేదు. నువ్వు జర మాన్పియ్యి."

మాన్పియ్యి అన్నాను. మెల్లగా అనలేదు. వారానికింత తగ్గిస్తూ అనలేదు. ఆ రెండో వాక్యం నా నాలుక మీద ఉంది. ఇంతలో ఒకాయన గ్యాసు గోలీ అడిగాడు, ఆయనకు ఇచ్చాను. తిరిగి చూసేసరికి ఆవిడ సంచి భుజాన వేసుకుంది.

"బలం గోలీలు ఉంటే ఇయ్యి బిడ్డా. చిన్నయి, తెల్లయి ఇయ్యి. పెద్దయి గొంతు దిగయి."

"ఎవలికమ్మా?"

"నాకే."

చిన్నవి, తెల్లవి, ఏదో విటమిన్ గోలీలు నాలుగు రేకులు ఇచ్చాను. హుజూర్‌నగర్ మీదుగా పోయే కోదాడ బస్సు కదులుతోంది, ఆవిడ పరుగున ఎక్కింది.

తర్వాత ఆరో రోజో ఏడో రోజో మధ్యాహ్నం మేడం ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది. "గోలీ పనిచేస్తలేదు. రెండు రోజులాయె. కడుపుల తిప్పుతాంది, లేస్తే కండ్లు చీకట్లయితున్నయ్. డూప్లికేట్ సరుకు గిట్ల వచ్చిందా?"

నాకు కొంచెం కోపం వచ్చింది. నా దుకాణంలో డూప్లికేట్ అంటే ఎవరికి మాత్రం రాదు. "లేదు మేడం. అందరికీ పనిచేస్తాంది."

"చేదు లేదేంది?"

"కంపెనీ మారింది మేడం. కోటింగ్ ఇచ్చి ఉంటరు."

"ఎన్నడు మారింది?"

"పోయిన నెల."

"మరి పోయిన వారం చేదున్నది గదా."

కంపెనీ నిజంగానే మారింది. అది మారినప్పుడల్లా గోలీ రూపు కూడా కొంచెం మారేది, అసలే మసక కళ్లు, అందుకని ఆమె రూపు చూసేది కాదు. నాలుకతో చూసింది. నాలుక సరిగ్గానే చెప్పింది. నేనే వినలేదు. "ఎండలకు నోరు చెడ్డదేమో మేడం. ఇయ్యాల రెండేసుకోండి" అన్నాను.

చిన్నగా నవ్వు వినిపించింది. "నువ్వు నాకు డోసు చెప్తున్నవా? సరే, రెండేసుకుంట."

ఆ తర్వాత ఆమె గొంతు వినలేదు. మర్నాడు ప్రాక్టికల్ పరీక్షలట. ల్యాబులో నిలబడి పిల్లలను ప్రశ్నలడుగుతూ కుప్పకూలింది. తోటి లెక్చరర్లు తల్లిని కూడా ఎక్కించుకుని కారులో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. సెలైన్లు ఎక్కించారు, బీపీ లేవలేదు. ఏ మందులు వాడుతోందని డాక్టరు అడిగాడు. లెక్చరర్లకు తెలియదు, ఆమె ఎవరికీ చెప్పలేదు కదా. తెల్లారేసరికి అయిపోయింది. పది దాటాక గ్రూపులో నమస్కారాలు మొదలయ్యాయి.

ఇదంతా తండాలో తెలిసింది నాకు. కర్మకాండలు అయిపోయాక పోయాను. పెద్దవూర బస్సు దిగి, ఎండలో నడిచి వెళ్లాను. దారిలో ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. తల్లి రేకుల పందిరి కింద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. చాప మీద జాగా చూపించింది. నీళ్లిచ్చింది.

"నువ్వు చెప్పినట్టే చేసిన బిడ్డా" అంది ఆవిడ.

నాకు అర్థం కాలేదు.

"మాన్పియ్యమన్నవ్ గదా. చెప్తే ఇనేది గాదు నా బిడ్డ. అందుకని అది స్నానానికి పోయినప్పుడు డబ్బాల గోలీలు మోరీల పారవోసిన. నువ్విచ్చిన బలం గోలీలు అండ్ల పోసిన. రూపు ఒక్కతీర్గనే ఉండె. దానికి తెల్వలే." ఆవిడ తన చేతులు చూసుకుంది. "డాక్టరు ఏం మందులని అడిగితే ఆ డబ్బానే సూపిచ్చిన. ఇవి బలం గోలీలే గదమ్మా అన్నడు. అవు సార్ అన్న."

బోర్డు మీద బాణాలు గీసినట్టు అన్నీ ఒకదాని వెంట ఒకటి కనిపించాయి నాకు. సగం చెప్పిన మాట, చిన్నవి తెల్లవి నాలుగు రేకులు, చేదు లేదన్న ఫోను, రెండేసుకోమన్న నా తెలివి. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ ఇందులో పిడికెడు కన్నా ఎక్కువ నాదే. అందరం ఆమెను కాపాడటానికే పరిగెత్తాం. అది తెలిసినా లోపల ఏమీ కదల్లేదు, నీళ్ల చెంబు పట్టుకున్న చెయ్యి కూడా కదల్లేదు. నన్ను చూసుకుని నాకే భయమేసింది.

"నాకు సదువు రాదు" అంది ఆవిడ. "నువ్వు సదువుకున్నదానివి. నా బిడ్డ దగ్గరనే సదువుకున్నవ్. మార్చిన నాలుగో నాటికి పడ్డది. దినాం రాత్రి గదే లెక్కవెడుతున్న. నాకు ఒక్కటి చెప్పు బిడ్డా. నేను మార్చకుంటే బతికేదా?"

నిజం ఒక్క మాట. అవును. దాని వెనకాల ఇంకో నిజం ఉంది, తప్పు నీది కాదు, సగమే చెప్పిన నాది అని. కానీ ఆ రెండోది చెప్పాలంటే మొదటిది ముందు చెప్పాలి. నా దాకా రావాలంటే ఆ నిజం ముందు ఆవిడ మీదుగా నడిచి రావాలి.

"లేదమ్మా" అన్నాను. "రోగం ముదిరింది. మార్చినా, మార్చకున్నా పోయేది."

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తల ఊపింది. చదువుకున్నదాన్ని కదా, నమ్మింది. మా దుకాణం మెట్ల మీద కూడా ఆవిడ నన్ను నమ్మే బస్సెక్కింది.